పునలూరు పర్మిట్టు

నాకు కోపం ఎక్కువ. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి మాట్లాడడం నాకు చేతకాదు. "దీని నోటికి తలుపు లేదు" అని మా అమ్మ అందరితోనూ చెప్పుకునేది. అలాంటి నా నోరు రెండుసార్లు మూతపడింది. రెండూ ఒకే దినం. ఆ దినం గురించే రాస్తున్నాను.

మా నాయనకు ఒకే ఒక బస్సు ఉండేది. రాజపాళయం నుంచి సేత్తూరు మీదుగా తెన్‌కాశికి పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. కండక్టరు సేత్తూరు మనిషి, సేద్యం చేసుకునే ఇంటివాడు, తెలుగువాడే. తెల్లవారేసరికి సైకిలు తొక్కుకుంటూ వచ్చి బస్సు కడిగి నిలబెట్టేవాడు. మా వీధిలో మిల్లులున్న ఇళ్ళు ఉన్నాయి, మామిడి తోటలున్న ఇళ్ళు ఉన్నాయి. మాది మాత్రం బస్సోళ్ళ ఇల్లు.

రాష్ట్రాల సరిహద్దులు మార్చినప్పుడు సెంగోట మన అరవనాడు వైపుకు వచ్చింది. కొండకు అవతల ఉన్న పునలూరు కేరళలోనే ఉండిపోయింది. ఇక్కడి నూలు మూటలు, సత్రపట్టి మిరపకాయలు, మంసాపురం మామిడికాయలు అన్నీ అటు పోవాలి. అటునుంచి మిరియాలు, కొబ్బరికాయలు ఇటు రావాలి. జనం తెన్‌కాశిలో దిగి, మూటలు దించుకుని, ఇంకో బస్సుకోసం పడిగాపులు కాసేవాళ్ళు. అప్పుడు సర్కారు వాళ్ళు రాజపాళయం నుంచి నేరుగా పునలూరికి ఒక బస్సు వదలాలనుకున్నారు. ఒక్కటే బస్సు. రెండు రాష్ట్రాల సంతకాలు పడాల్సిన పర్మిట్టు. కావలసినవాళ్ళు అర్జీ పెట్టుకోమన్నారు.

అర్జీలు చాలానే పడ్డాయి. చివరికి లెక్కలోకి వచ్చినవి రెండు. ఒకటి మా నాయనది. రెండోది మా నాయన మేనత్త కొడుకుది. ఆయన్ను నేను మామా అని పిలిచేదాన్ని, మా నాయన బావా అనేవాడు. మామకు నాలుగు బస్సులు, సొంత రిపేరు షెడ్డు, మదురైలో వక్కీలు, ఇంట్లో టెలిఫోను ఉన్నాయి. మా వీధి మొత్తానికి టెలిఫోను ఉన్న ఇల్లు అదొక్కటే.

పర్మిట్టు ఇవ్వడానికి పరీక్షలో మాదిరి మార్కులు వేసేవాళ్ళు. షెడ్డు ఉంటే మార్కు. ఆ దారిలో ముందునుంచీ బస్సు నడిపి ఉంటే మార్కు. బస్సు మీద కేసులు లేకపోతే మంచిది. తక్కువ బస్సులున్న చిన్న ఓనరుకు కొంచెం మొగ్గు. షెడ్డు ఒక్కటి తప్ప మిగిలినవన్నీ మా నాయన వైపే ఉన్నాయి. అన్నేళ్ళలో ఓవర్‌లోడు కేసు ఒక్కటి లేదు, ఎవరి కోడినీ తొక్కలేదు. ఎస్.ఎస్.ఎల్.సి. పాసైనదాన్ని కాబట్టి ఇంగ్లీషు అర్జీ నేనే రాశాను. రాస్తూ రాస్తూ మేమే గెలుస్తామని నాకు గట్టిగా అనిపించింది.

గెలవకపోతే ఉన్నదీ పోతుంది. పునలూరు బస్సు పోవలసింది తెన్‌కాశి మీదుగానే. నేరుగా కొండ దాటే కొత్త బస్సు ముందు పోతుంటే, వెనకాల తెన్‌కాశిలోనే నిలిచిపోయే మా పాత బస్సు ఎవరు ఎక్కుతారు? ఈ సంగతి మా నాయనకు తెలుసు, అమ్మకు తెలుసు, మామకు బాగా తెలుసు.

అయినా రాకపోకలు ఆగలేదు. మా నాయనకు తల్లి చిన్నప్పుడే పోతే మేనత్తే పెంచింది. మేము ఆమెను పెద్దవ్వ అనేవాళ్ళం. శుక్రవారం శుక్రవారం ఆమె చేతి పులుసు తినకపోతే మా నాయనకు వారం గడిచేది కాదు. ఒకే వాకిట్లో మామా, మా నాయనా ఎదురెదురుగా కూర్చుని తింటుంటే పెద్దవ్వ ఇద్దర్నీ ఆటపట్టించేది.

"ఒకడు నేను కన్నోడు, ఒకడు నేను పెంచినోడు. పర్మిట్టు ఎవనికి వచ్చినా సరి, పునలూరికి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోవల్ల. టిక్కెట్టు అడిగితిరా, చీపురు తీస్తాను."

"నీకు సీటు లేకుండా బస్సు కదుల్తుందా అత్తా?" అనేవాడు మా నాయన. మామ నవ్వి ఊరుకునేవాడు.

మదురైలో విచారణ పదకొండు గంటలకు అని నోటీసు వచ్చింది. నేను చదివి తెలుగులో చెప్పాను. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంది. హాజరు కాకపోతే మీరు లేకుండానే తీర్మానం చేస్తామని. అదీ చదివాను. మా నాయన "ఎందుకు పోకుండా ఉంటాము" అని నవ్వాడు. వక్కీలును పెట్టుకోలేదు. నా బస్సు గురించి నాకంటే వాడికి ఎక్కువ తెలుసా అనేవాడు.

ఆ దినం తెల్లవారకముందే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాల సంచి చంకన పెట్టుకున్నాడు. గడప దాటబోతుండగా మామ ఇంటినుంచి మనిషి పరుగెత్తుకుని వచ్చాడు. పెద్దవ్వ నిద్రలోనే పోయిందట.

మా నాయన సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత వాకిట్లోనే కూలబడి "అత్తా" అని ఒక్కసారి అరిచాడు. ఆయన ఏడవగా నేను చూసింది అప్పుడే.

ఇక్కడ మా ఆచారం చెప్పాలి. ఆడమనిషి చనిపోతే పుట్టింటివాళ్ళు కొత్త చీర తెచ్చి కప్పాలి. ఆ చీర పడకుండా శవాన్ని ఎత్తరు. పెద్దవ్వ పుట్టింట్లో మిగిలిన మగవాడు మా నాయన ఒక్కడే. పైగా వీధిలో శవం ఉండగా, ఆ వీధి పెద్దలు కూర్చునే చావడికి చెందిన మగవాడు ఊరి పొలిమేర దాటకూడదు. ఇంకొకటి కూడా ఉంది. చావడిలో పంచాయితీ నడుస్తున్నప్పుడు రెండు పక్షాల్లో ఏ ఇంట్లో చావు జరిగినా, పదహారో దినం దాకా ఆ పంచాయితీ ఎత్తరు. మైలలో ఉన్నవాడిని నిలబెట్టి న్యాయం అడగడం మా వాళ్ళకు పెద్ద తప్పు. మా నాయన పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూసిన న్యాయం అదే. సర్కారుది మాత్రం వేరేగా ఎందుకుంటుంది అనుకున్నాడు.

"రెండిళ్ళకూ తీట్టు, మైల కదా. వాళ్ళూ మనుషులే కదా, ఆపుతారు" అన్నాడు. "ఇంగ్లీషులో రాయి. పదహారు దినాలు పోయినాక పిలవమని రాయి. బావ పేరూ రాయి, ఆయనకు నాకంటే జాస్తి దుఃఖం."

నేను రాయడం మొదలుపెట్టాను. అమ్మ నా వెనక నిలబడి నోటీసులో ఆ చివరి వరుస మళ్ళీ చదవమంది. చదివాను. అప్పుడు అమ్మ మెల్లగా అంది. "చీర కప్పేసి, మీరు ఎనిమిది గంటల బస్సుకు పోతే ఏమి? పదకొండుకు ముందే చేరుకుంటారు. అత్తే ఉండి ఉంటే పొమ్మనును."

"చీర కప్పి బస్సెక్కేదా?" మా నాయన గొంతు పెరిగింది. "ఆమె చేతి కూడు తిని పెరిగినానే, ఆమెను ఎత్తకముందే మదురైకి పోయి మార్కులు అడుక్కునేదా? ఊరు నా మొహాన ఉమ్మదా?"

"సరి, మీరు పోవద్దు. కండక్టరును తోడిచ్చి దీన్ని పంపించండి. అర్జీ రాసింది ఇదే. అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్తాది. ఆడపిల్లకు పొలిమేర కట్టు లేదు కదా."

మా నాయన వద్దు అనలేదు. అది గుర్తుపెట్టుకోండి. వద్దు అనలేదు, నా వైపు చూశాడు. పెళ్ళికాని ఆడపిల్ల మదురై ఆఫీసులో అంతమంది మగవాళ్ళ ముందు లేచి మాట్లాడడం అప్పట్లో మా వీధిలో ఎవరూ ఎరగరు. అయినా నేను "పోతాను" అంటే పంపేవాడే. ఊరందరి మీదా నోరు పారేసుకునే నేను నా కాలి వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. భయం. సిగ్గు కాదు, ఆచారమూ కాదు, ఒట్టి భయం. ఇప్పటికీ ఆ పిల్లను తలుచుకుంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

ఉత్తరం పట్టుకుని కండక్టరు ఒక్కడే ఆరున్నర బస్సుకు పోయాడు.

అమ్మ పెట్టెలోంచి కట్టని కొత్త చీర తీసింది. మా నాయన దాన్ని రెండు చేతుల మీదా పరిచి పట్టుకుని ముందు నడిచాడు, మేము వెనక. మామ ఇంట్లో పెద్దవ్వకు స్నానం చేయించి నడింట్లో పడుకోబెట్టారు. మేము లోపలికి పోయి ఆడవాళ్ళలో కలిశాము. ఏడుపులతో ఇల్లు అదిరిపోతోంది. మా నాయన చీరతో నడవలో నిలబడ్డాడు, లోపల సర్దేదాకా. అంతలో నడవలోని టెలిఫోను మోగినట్టుంది, మామ లేచి పోవడం చూశాను. తల వంచి, రెండో చెవి మూసుకుని, నోరు పెద్దగా తెరిచి మాట్లాడుతున్నాడు. కోయంబత్తూరులో ఉన్న కూతురికి చావు కబురు చెప్తున్నాడేమో అనుకున్నాను. కొంచెం సేపటికి మా నాయన లోపలికి వచ్చి అత్త మీద చీర కప్పాడు. కాళ్ళ దగ్గర సరిచేశాడు, తల దగ్గర సరిచేశాడు, మళ్ళీ కాళ్ళ దగ్గరికి వచ్చాడు. ఎవరో చెయ్యి పట్టుకుని పక్కకు తీసేదాకా సరిచేస్తూనే ఉన్నాడు.

కూతురు మధ్యాహ్నానికి వచ్చింది. మూడు గంటలకు ఎత్తారు. మగవాళ్ళు శ్మశానానికి పోయాక మేము ఇంటికి వచ్చి తల స్నానం చేశాము. తడి తల ఆరకముందే పెరటి వైపు సైకిలు చప్పుడైంది. కండక్టరు వచ్చి పెరటి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"పోయినాదమ్మా," అన్నాడు. "పేరు మూడుసార్లు పిలిచినారు. నేను లేచి, ఇంట్లో సావు సామీ, కాగితం తెచ్చినాను అంటిని. పెద్దాఫీసరు చదివినాడు. ఎదుటివాళ్ళకూ సావేనా అని అడిగినాడు. వాళ్ళ వక్కీలు లేచి, ఆమా, మా ఓనరు తల్లే పోయినాది అన్నాడు. అయితే వాయిదా వేసేదా అన్నాడు ఆఫీసరు. నాకు పానం లేచి వచ్చినాది తల్లీ. అప్పుడా వక్కీలు, పొద్దున్నే ఫోనులో అడిగినాను, నడవనీ అని చెప్పినాడు మా ఓనరు అన్నాడు. అంతే. మన పేరు కొట్టేసినారు."

పొద్దున మామ టెలిఫోనులో నోరు తెరిచి మాట్లాడిన రూపం నా కళ్ళ ముందు నిలిచింది. కోయంబత్తూరూ కాదు, కూతురూ కాదు. నడింట్లో తల్లి శవం ఉండగా, అదే ఇంట్లో మా నాయన చీర పట్టుకుని నిలబడి ఉండగా, నడవనీ అన్నాడు.

"ఇప్పుడే పోతాను," అన్నాను. "శ్మశానంలోనే అందరి ముందూ అడుగుతాను."

అమ్మ నా జుట్టు పట్టుకుంది. కొట్టడానికి కాదు, ఆపడానికి. "అడిగితే పర్మిట్టు తిరిగి వచ్చునా? రాదు. మీ నాయనకు అత్త పోయినాది, దోవ పోయినాది. బావ అట్లాంటోడు కాదనే నమ్మకమన్నా ఉండనీ. ఫోను మాట ఈ గోడ దాటకూడదు." కండక్టరు వైపు తిరిగి "నీకూ చెప్తుండాను" అంది. అతను తల ఊపాడు. నేనూ ఊపాను. నా నోరు మూతపడిన రెండోసారి అది.

సాయంత్రం మా నాయన వచ్చాక, పేరు పిలిచారు, మనిషి లేడని కొట్టేశారు అని మాత్రం కండక్టరు చెప్పాడు. మా నాయన విని, "సరి" అన్నాడు. "నువ్వు అన్నం తిని పో" అన్నాడు.

పదహారో దినం అయ్యాక చావడిలో పెద్దలు అడిగారు. మామ లేచి, "నేను శవం దగ్గర కూర్చుని ఉండినాను. వక్కీలు ఏమి చేసినాడో నాకేమి తెలుసు?" అన్నాడు. పెద్దలు మా నాయన వైపు చూశారు. ఆయన "సరి బావా" అని కూర్చున్నాడట. సర్కారు ఇచ్చినదాన్ని మేము మార్చలేమని పెద్దలు లేచిపోయారు.

పునలూరు బస్సు కొత్త రంగుతో, ముందు అద్దానికి మల్లెపూల దండతో, మా బస్సుకంటే పది నిమిషాలు ముందు బయల్దేరడం మొదలుపెట్టింది. మా బస్సులో మొదట మూటలు తగ్గాయి, తర్వాత మనుషులు తగ్గారు. రెండేళ్ళలో దాన్ని పాత ఇనుముకు తోలేశాము. లాగుతున్నప్పుడు కండక్టరు ఏడ్చాడు, మా నాయన ఏడవలేదు. ఆ నెలలోనే మామ కబురు పంపాడు. కొండ దారికి నమ్మకమైన డ్రైవరు కావాలి, ఇంటి మనిషి అయితే మంచిది అని.

మా నాయన ఒప్పుకున్నాడు. అయ్యో రామా, ఒప్పుకున్నాడు! తను అడిగిన దారిలో, తనకు రావలసిన బస్సును, ఖాకీ చొక్కా వేసుకుని ఇంకొకడికోసం నడపడానికి. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికి నాకు పెళ్ళయింది, రెండు వీధుల అవతలే కాపురం, పొద్దున లేస్తే ఆ బస్సు హారను నాకు వినబడేది. నలుగురి ముందు బావను "మొదలాళీ" అని పిలిచేవాడు, అరవంలో ఓనరు అని. ఇంట్లో మాత్రం "బావ" అనే అనేవాడు. నేను పండగలకు వచ్చి మామను నాలుగు మాటలంటే ఆయనే అడ్డం వచ్చేవాడు.

"బావనెందుకంటావు? అది వక్కీలు చేసిన పని. బావకు తెలిసి ఉంటే ఆపి ఉండును."

అమ్మ నాకు కళ్ళతో సైగ చేసేది. నేను మింగలేక కక్కలేక లేచి పెరట్లోకి పోయేదాన్ని. పోనీలే, ఆ ఒక్క నమ్మకంతోనైనా బతుకుతున్నాడు అనుకునేదాన్ని. ఇంట్లో టెలిఫోను అనే మాటే రాకుండా చూసుకున్నాము. ఆ దినం నుంచి లెక్కేస్తే, అలా ఏడేళ్ళు.

ఒక మధ్యాహ్నం పునలూరు నుంచి వచ్చి, బస్సు నిలబెట్టి, కడ్డీ పట్టుకుని దిగుతూనే పడిపోయాడు. డాక్టరు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున మా ఇంటి ముందు జనం మధ్యలోంచి చూస్తే వీధి చివర పునలూరు బస్సు నిలబడి ఉంది. బయల్దేరవలసిన వేళ దాటి చాలా సేపయింది. మూటల మీద కూర్చున్న జనం విసుక్కుంటున్నారు, ఒకాయన అరవంలో తిడుతున్నాడు. ఎందుకు పోలేదని అడిగితే, శవం ఎత్తేదాకా బస్సు కదలకూడదని మొదలాళి చెప్పాడన్నారు. ఆచారమట!

నాలో ఏడేళ్ళు అణిచిపెట్టుకున్నది ఒక్కసారిగా పైకి వచ్చింది. మామ మా అరుగు మీద, తల మీద తుండుగుడ్డ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"బస్సును ఆపినారా మామా? ఈ దినం ఆపను వచ్చినాదా మీకు? ఆ దినం ఒక్క మాట ఆపి ఉంటే చాలునే! ఫోనులో నడవనీ అన్నారు కదా. నాకు తెలుసు. అమ్మకూ తెలుసు. మా నాయనకు తెలియకూడదని ఏడేళ్ళు నోరు కట్టుకుని ఉండినాము. ఆ మనిషి మిమ్మల్ని నమ్మి, మీ బస్సు నడిపి, మీ బస్సు మెట్టు మీదే పోయినాడు."

మామ కోప్పడతాడనుకున్నాను. కాదంటాడనుకున్నాను. ఆయన తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"మీ నాయనకు తెలుసమ్మా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"అది మదురై నుంచి వచ్చిన ట్రంకు కాలు. లోపల ఏడుపు. వక్కీలుకు వినపడలేదని అరిచి చెప్పినాను, నడవనీ, నడవనీ అని రెండుసార్లు. ఫోను పెట్టి తిరిగితే మీ నాయన చీర పట్టుకుని నా వెనకనే ఉండినాడు. నన్ను చూసినాడు. కొడతాడనుకున్నాను. 'బావా, దోవ విడు, అత్తకు చీర కప్పల్ల' అన్నాడు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు."

మామ ఇంటి నడవలోని గోడ గడియారం నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. ఆ పొద్దున చీర కప్పి మా నాయనను పక్కకు తీసినప్పుడు నేను దాని వైపు చూశాను. ఏడుంబావు అయింది. అప్పటికే అంతా తెలిసిన మా నాయన పోవాలనుకుంటే, ఎనిమిది గంటల మదురై బస్సు ఇంకా స్టాండులోనే ఉంది.